మారుతి జిప్సీ – విద్యుత్ వాహనంగా మార్పిడి

పెట్రోలు జిప్సీలోని ఇంజన్‌ను దించి, విద్యుత్ మోటారు, కంట్రోలర్, లిథియం బ్యాటరీ బిగించి బండిని మళ్లీ నడిపించడాన్ని జిప్సీ విద్యుత్ మార్పిడి అంటారు. పాత వాహనాలకు ఇలా కొత్త చోదక వ్యవస్థను అమర్చే పనికి రెట్రోఫిటింగ్ అని పేరు. భారత సైన్యం 2023లో ఇలా మార్చిన జిప్సీని ప్రదర్శించడంతో ఈ ప్రయత్నం దేశం దృష్టికి వచ్చింది.

నేపథ్యం

సుజుకి ఎస్‌జే శ్రేణి జీపు ఆధారంగా మారుతి సంస్థ 1985లో జిప్సీని విడుదల చేసింది. మొదటి ఎంజీ410 నమూనాకు 970 సీసీ ఇంజన్ ఉండేది. 1996లో 1.3 లీటర్ల ఇంజన్ వచ్చింది. తర్వాతి మల్టీపాయింట్ ఇంజెక్షన్ రూపంలో అది 80 హార్స్‌పవర్ ఇచ్చేది. సైన్యం, పోలీసు, అటవీ శాఖలు, ర్యాలీ డ్రైవర్లు ఈ బండిని ఎంతో ఇష్టంగా వాడారు. సాధారణ కొనుగోలుదారులకు అమ్మకాలు నిలిచిపోయినా అడవి సఫారీల్లో, కొండ దారుల్లో జిప్సీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వీటిలో చాలా బండ్లకు ఛాసిస్ గట్టిగానే ఉంటుంది. అరిగిపోయేది ఇంజనే.

మార్పిడికి అనువైన నిర్మాణం

జిప్సీ బాడీ నిచ్చెన ఆకారపు ఛాసిస్‌పై విడిగా కూర్చుంటుంది. ముందూ వెనకా దృఢమైన యాక్సిళ్లు, కమాన్ పట్టీలు ఉంటాయి. సాఫ్ట్‌టాప్ బండి బరువు టన్నుకు కాస్త తక్కువే. ఇంత తేలికైన జీపు కాబట్టే బురదలోనూ ఇసుకలోనూ దిగబడకుండా బయటపడుతుంది.

బండి కిందికి దూరి చూస్తే మరో సౌకర్యం కనిపిస్తుంది. చాలా ఫోర్‌వీల్ జీపుల్లో గేర్‌బాక్స్‌కు, శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ అతుక్కొని ఉంటుంది. జిప్సీలో ఈ రెండూ వేర్వేరు, మధ్యలో చిన్న షాఫ్ట్ కలుపుతుంది. అందువల్ల మెకానిక్ ముందు రెండు దారులుంటాయి. ఇంజన్‌ను మాత్రమే తీసి, అడాప్టర్ ప్లేటుతో మోటారును పాత గేర్‌బాక్స్‌కు బిగించవచ్చు. లేదా గేర్‌బాక్స్‌నూ తీసేసి, మోటారును నేరుగా ట్రాన్స్‌ఫర్ కేస్‌కు కలపవచ్చు. రెండో పద్ధతిలో బరువు తగ్గుతుంది. మోటారునే వెనక్కి తిప్పవచ్చు కనుక రివర్స్ గేరు కూడా అక్కర్లేదు. ఏ దారి పట్టినా ఫోర్‌వీల్, లో రేంజ్ యథాతథంగా ఉంటాయి.

ఇతర మార్పులు

పాత బ్రేక్ బూస్టర్ ఇంజన్ గాలి పీల్చేటప్పుడు ఏర్పడే వాక్యూమ్‌తో పనిచేస్తుంది. ఇంజన్ పోతే ఆ సాయం ఆగిపోయి పెడల్ బరువెక్కుతుంది కాబట్టి విద్యుత్ వాక్యూమ్ పంపు తప్పనిసరి. లైట్లు, హారన్, వైపర్లకు కావలసిన 12 వోల్టుల కరెంటును డీసీ–డీసీ కన్వర్టర్ అందిస్తుంది. బ్యాటరీ సెల్స్ ఉష్ణోగ్రతను, వోల్టేజీని బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ (బీఎంఎస్) ఎప్పటికప్పుడు గమనిస్తుంది.

బ్యాటరీ, బరువు

మార్పిడిలో అసలు పరీక్ష బరువు దగ్గరే వస్తుంది. జిప్సీ ట్యాంకులో పట్టే 40 లీటర్ల పెట్రోలు దాదాపు 30 కిలోలు తూగుతుంది. అందులోని శక్తి సుమారు 350 కిలోవాట్–గంటలు. ఇంజన్ అందులో నాలుగో వంతు వరకే పనిగా మార్చగలదు, మిగతాదంతా వేడిగా పోతుంది. మోటారు సామర్థ్యం 90 శాతం దాకా ఉన్నా, 20 కిలోవాట్–గంటల బ్యాటరీ ప్యాకే 150 కిలోలు దాటవచ్చు. దూరం కోసం పెద్ద బ్యాటరీ పెట్టుకుంటూ పోతే కమాన్లు కుంగుతాయి, బ్రేకులకు భారం పెరుగుతుంది, జిప్సీకి పేరు తెచ్చిన ఆ తేలికదనమే పోతుంది. రోజుకు ఎంత దూరం తిరగాలో ముందే లెక్కవేసి, అందుకు సరిపడా బ్యాటరీతో ఆగడం మేలు. ప్యాక్‌ను వీలైనంత కిందికి, రెండు యాక్సిళ్ల మధ్యకు అమర్చాలి. లేకుంటే పక్కవాలులో బండి పల్టీ కొట్టే ప్రమాదం పెరుగుతుంది.

పనితీరు

మోటారు సున్నా వేగం నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది. రాళ్ల మీద అంగుళం అంగుళం పాకేటప్పుడు క్లచ్ కాల్చుకోనక్కర్లేదు, ఇంజన్ ఆగిపోతుందన్న భయమూ ఉండదు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారి బండి వేగాన్ని అదుపు చేస్తుంది, కొంత కరెంటును బ్యాటరీకి తిరిగిస్తుంది. ఎత్తు పెరిగే కొద్దీ ప్రాణవాయువు తగ్గి పెట్రోలు ఇంజన్ ప్రతి వెయ్యి మీటర్లకు దాదాపు 10 శాతం బలం కోల్పోతుంది. మోటారుకు ఆ ఇబ్బంది లేదు. అయితే గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీని ఛార్జ్ చేస్తే సెల్స్ దెబ్బతింటాయి, ముందు వాటిని వెచ్చబరచాలి. వాగులు దాటే బండికి కనెక్టర్లు, బ్యాటరీ పెట్టె నీరు చొరబడని ఐపీ67 స్థాయిలో ఉండాలి. సఫారీలో లాభం చెవికే తెలుస్తుంది. ఇంజన్ చప్పుడు లేని జీపులో కూర్చుంటే జింక హెచ్చరిక కూత స్పష్టంగా వినిపిస్తుంది.

సైన్యం ప్రయత్నం

2023 ఏప్రిల్‌లో ఢిల్లీలో జరిగిన సైనిక కమాండర్ల సదస్సులో విద్యుత్ జిప్సీని ప్రదర్శించారు. ఐఐటీ ఢిల్లీ, అక్కడే పురుడు పోసుకున్న టాడ్‌పోల్ ప్రాజెక్ట్స్ అంకుర సంస్థ సైన్యంతో కలిసి దీన్ని తయారుచేశాయి. ఇందులో 30 కిలోవాట్ల కిట్ అమర్చారు. ఒకసారి ఛార్జ్ చేస్తే 120 కిలోమీటర్లు నడుస్తుందని ప్రకటించారు.

చట్టం

భారత్‌లో రెట్రోఫిట్ కిట్లు ఏఐఎస్–123 ప్రమాణానికి లోబడి ఉండాలి. పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి సంస్థలు వాటిని పరీక్షిస్తాయి. హైదరాబాద్‌కు చెందిన ఈట్రియో సంస్థ మారుతి ఆల్టో, డిజైర్ కార్లకు ఇలాంటి కిట్లు రూపొందించింది. ఏ నమూనాకు ఆమోదం పొందిన కిట్‌ను ఆ నమూనాకే వాడాలి.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇలాంటి మార్పును 14 రోజుల్లోగా రిజిస్టర్ చేసే అధికారికి తెలిపి, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ (ఆర్‌సీ)లో నమోదు చేయించుకోవాలి. నమోదు కాని మార్పు ఉన్న బండికి ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారాన్ని నిరాకరించవచ్చు. అందుకే జిప్సీ యజమాని ముందుగా ఛాసిస్‌కు తుప్పు ఉందేమో చూపించుకొని, కిట్ ఆమోద పత్రం చేతికందాకే ఇంజన్ బోల్టులు విప్పించాలి.