చదవకుండానే ఒప్పుకున్న నవల

2004 డిసెంబరు 7. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం నుంచి కబురొచ్చింది. ‘అట్లాంటా నైట్స్’ నవలను అచ్చు వేయడానికి పబ్లిష్‌అమెరికా సంస్థ ఒప్పుకుంది.

తొలి పుస్తకం రాసినవారికి అంతకు మించిన పండగ ఉండదు. కానీ ఆ నవల వెనకున్నది కొత్త రచయిత కాదు. చేయి తిరిగిన రచయితలు, ముప్పై మందికి పైగా! వాళ్లు పన్నిన వలలో సంస్థ తనంతట తానే వచ్చి పడింది.

అప్పటికే వేలాది మంది కొత్తవాళ్లు ఆ సంస్థను నమ్మారు. బాగున్న రాతప్రతులనే ఎంచుకుంటామని అది చెప్పుకునేది. అచ్చుకు పైసా అడిగేది కాదు. పైగా రచయిత చేతిలో ఒక డాలరు అడ్వాన్సు పెట్టేది. ఆ తర్వాత బంధుమిత్రుల చిరునామాలు రాసిమ్మనేది. పుస్తకానికి మామూలుకు మించిన ధర. దుకాణాల్లో కనిపించడమే అరుదు. చివరికి కొనేది రచయిత, చుట్టాలు, స్నేహితులు. హక్కులు మాత్రం ఏళ్ల తరబడి సంస్థ గుప్పిట్లో.

సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లు నమ్మదగ్గ కథ, పాత్రలు అక్కర్లేదనుకుంటారని కూడా ఆ సంస్థ తీసిపారేసింది. నిజంగా చదివే ఎంచుకుంటున్నారా అన్నది తేల్చడానికి అలాంటి రచయితల్లో ఒకరైన జేమ్స్ డి. మెక్‌డొనాల్డ్ పూనుకున్నారు. 2004 జనవరిలో, మార్టిన్ లూథర్ కింగ్ సెలవుల్లో, తోటి రచయితలకు తలా ఒక అధ్యాయం అప్పగించారు. వీలైనంత చెత్తగా రాయాలన్నదే షరతు.

రాశారు. 4వ అధ్యాయమే అక్షరం మారకుండా 17వ అధ్యాయంగా మళ్లీ వచ్చింది. 12వ అధ్యాయాలు రెండు. 21వది లేనే లేదు. 34వది కంప్యూటర్ ప్రోగ్రాం అల్లిన పదాల గుట్ట. చనిపోయిన పాత్ర ఏ కారణమూ లేకుండా తిరిగొచ్చింది. పాత్రల పేర్ల తొలి అక్షరాలు కూడబలుక్కుంటే, రచయితల డబ్బుతో బతికే సంస్థ ఇదని దాని పేరుతో సహా బయటపడుతుంది!

అయినా సంస్థ ఔనంది. 2005 జనవరి 23న రచయితలు గుట్టు విప్పారు. మర్నాడే సంస్థ మాట వెనక్కి తీసుకుంది.

నేడు ‘మీ పుస్తకం అచ్చు వేస్తాం’ అనే పిలుపులు మెయిల్‌లో, వాట్సాప్‌లో వెతుక్కుంటూ వస్తున్నాయి. మీ రచన అద్భుతమంటారు, అందులో ఒక్క పాత్ర పేరు కూడా ఎత్తరు. పెద్ద ప్రచురణ సంస్థలు, సినిమావాళ్లు ఎదురుచూస్తున్నారంటారు. ముందు ఫీజు కట్టమని, రేపటిలోగా సంతకం పెట్టమని తొందరపెడతారు. ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా ఆగండి. ఒప్పందం మొత్తం తెప్పించుకుని, తెలిసినవారికి చూపించండి. మిమ్మల్ని పిలిచిన సంస్థ పుస్తకాలు దుకాణంలో దొరుకుతున్నాయో లేదో మీరే వెళ్లి చూడండి.

సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం తప్పు కాదు. తెలుగులో ఎన్నో మంచి పుస్తకాలు అలాగే వచ్చాయి. అక్కడ ఎవరి డబ్బు దేనికి పోతోందో రచయితకు తెలుసు. చదవని పుస్తకాన్ని పొగిడి డబ్బు గుంజడమే మోసం. బాగాలేని రచనను కాదనగలిగే ప్రచురణకర్త ఔనన్నప్పుడే ఆ మాటకు విలువ. ఆ ఔను కోసం ఆలస్యమైనా సరే, ఓపిక పట్టండి.