సముద్రుని లేమియు, మానవుని పేరాసయు
(పెరూ దేశపు నెత్తళ్ల చరిత్రము)

చరిత్ర యనగానే రాజుల వంశావళులును, యుద్ధముల తేదీలును మనకు స్ఫురించుచుండును. కాని నేలకువలెనే నీటికిని చరిత్ర గలదు. రాజ్యములకువలెనే మత్స్యములకును వృద్ధిక్షయములు గలవు. తరతరములుగా కడలిని నమ్ముకొని బ్రదుకుచున్న మన కులమువారికి ఈ రెండవ చరిత్రము మిక్కిలి యవసరమని మా తలంపు. వలలు ఖాళీగా వచ్చిన యేట మన పల్లెలలో రెండు మాటలు వినవచ్చుచుండును. "గంగమ్మతల్లికి కోపము వచ్చిన"దని పెద్దలందురు. "మరపడవలవారు పిల్లచేపలను సైతము ఊడ్చుకొనిపోయి"రని పడుచువారందురు. ఈ రెంటిలో నేది నిజము? ఈ ప్రశ్నకు తగిన సమాధానము దక్షిణ అమెరికా ఖండమునందలి పెరూ దేశమున దొరకుచున్నది. ఆ కథను సంగ్రహముగా పాఠకులకు నివేదించుచున్నాము.

పెరూ దేశము పసిఫిక్ మహాసముద్రపు తూర్పుటొడ్డున నున్నది. అచ్చటి తీరభూమి యెడారి. వాన బహు అరుదు. అట్టి నేల ప్రక్కనే ప్రపంచమున మిక్కిలి మత్స్యసంపద గల సముద్రముండుట వింత. కారణమేమన, ఆ తీరము వెంబడి దక్షిణపు గాలి యెడతెగక వీచుచు, మీది నీటిని ఒడ్డునుండి దూరముగా త్రోయును. ఆ చోటు పూరించుటకై అడుగుననున్న చల్లని నీరు పైకుబుకును. పొలమునకు ఎరువెట్టిదో, ఆ యడుగునీటిలోని సారము సముద్రమునకట్టిది. దానివలన కంటికానని ప్లవకములు లెక్కకు మిక్కిలిగా పెరుగును. వానిని తిని, మన నెత్తళ్లజాతిలోనిదే యగు జేనకు మించని చేప యొకటి గుంపులు గుంపులుగా వృద్ధిపొందును. దానిని ఆ దేశీయులు ఆంకొవేటా యందురు. ఆ చేపను తిని లక్షలకొలది సముద్రపక్షులు దీవులపై నివసించును. వాని రెట్టయే గ్వానో యను ప్రసిద్ధమైన ఎరువు. పూర్వము ఇంకా ప్రభువుల కాలమున, పక్షులు గుడ్లుపెట్టి పొదుగు దినములలో ఆ దీవులపై నడుగిడినవానికి మరణదండన విధించెడివారని గార్సిలాసో దె లా వేగా 1609లో ప్రకటించిన తన చరిత్రగ్రంథమున వ్రాసియున్నాడు. ఆ ప్రభువులు సముద్రశాస్త్రము చదివినవారు కారు. కాని మూలధనమును ముట్టక వడ్డిని మాత్రమే యనుభవింపవలెనని యెరిగినవారు.

అయితే ఆ గాలి యెల్లప్పుడు ఒక్కతీరున వీవదు. కొన్ని యేండ్లకొకసారి అది సన్నగిల్లును. అప్పుడు పడమటినుండి వెచ్చని నీరు వచ్చి తీరమును కప్పును, అడుగునీటి సారము పైకి రాదు, ప్లవకములు క్షీణించును, చేప లోతునకో, దక్షిణమునకో తొలగును, పక్షులు గూళ్లను విడిచి లేచిపోవును, పెక్కులు ఆకలిచే చచ్చును. క్రిస్మస్ పండుగ దినములలో వచ్చు ఆ వెచ్చని ప్రవాహమునకు పైతా రేవు నావికులు బాలయేసును తలచుకొని 'ఎల్ నినో', అనగా 'బాలుడు' అని పేరిడిరి. కామీలో కర్రీయో యను నౌకాధికారి 1892లో ఈ పేరును లీమా నగరపు భూగోళ సంఘమునకు తెలియజేసెను.

ఇది యెక్కడనో దూరదేశపు ముచ్చట యని పాఠకులు తలపరాదు. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొనుచు వచ్చిన 1876-78 నాటి మహాక్షామమునకు 1877లో వానలు తప్పుట యొక ముఖ్యకారణము. ఆ సంవత్సరముననే పసిఫిక్కున ప్రబలమైన ఎల్ నినో నడచుచుండెను. 1904లో మన దేశపు వాతావరణశాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ దొర వానల రాకపోకలను ముందుగా గ్రహింపవలెనని లోకమునలుమూలల లెక్కలను పోల్చిచూచి, హిందూమహాసముద్రముపై గాలి యొత్తిడి హెచ్చినపుడు పసిఫిక్కుపై తగ్గుననియు, అచ్చట హెచ్చినపుడు ఇచ్చట తగ్గుననియు కనుగొని, 1924లో దానికి 'దక్షిణ డోలనము' అను పేరు పెట్టెను. ఈ డోలనమును, పెరూ జాలరుల 'బాలుడును' ఒక్కటే త్రాసు యొక్క రెండు తట్టలని 1969లో యాకోబ్ బ్యెర్క్‌నెస్ అను నార్వే దేశపు పండితుడు వివరించెను. మన రైతు వానకై ఆకాశమును చూచుటకును, పెరూ జాలరి చేపకై నీటిని చూచుటకును మధ్య ఇంతటి బాంధవ్యము గలదు.

ఇక అసలు కథకు వత్తము. రెండవ ప్రపంచయుద్ధానంతరము కోళ్లకు, పందులకు మేతగా చేపలపొడికి గిరాకి ప్రబలెను. అదే కాలమున ఉత్తర అమెరికాలోని కాలిఫోర్నియా తీరమున కవళ్లజాతి చేప నశించిపోగా, అచ్చటి యంత్రములును, పడవలును చౌకగా అమ్ముడుపోయి పెరూ చేరినవి. కొలదికాలముననే వేయికి పైగా పడవలు రేవులను నింపినవి. 1960 తరువాత పెరూ ప్రపంచ మత్స్యదేశములలో మొదటి స్థానమునందెను. 1964లో నెలకొల్పబడిన సముద్రపరిశోధన సంస్థవారును, ఇతర నిపుణులును ఏటికి 95 లక్షల టన్నులకు మించి పట్టరాదని సలహా నొసగిరి. కాని 1970లో పట్టినది కోటి ఇరువది లక్షల టన్నులకు మించెను.

1972లో ఎల్ నినో వచ్చెను. వెచ్చని నీరు తీరమును ముట్టడింపగా, చల్లనినీరు ఒడ్డు నానుకొని సన్నని పట్టీవలె మిగిలెను. చేపలన్నియు ప్రాణభీతితో అందు గుమిగూడినవి. సముద్రుడు లేమిలో పడిన ఆ నెలలలోనే జాలరులకు మున్నెన్నడు లేనంత సమృద్ధి కనబడెను! వలవేసినదే తడవుగా పడవలు నిండెను. సంవత్సరము సగమగునప్పటికి వేట నిలిచిపోయెను. ఆ యేట పుట్టి బ్రదికిన పిల్లచేపలు మిగుల తక్కువ. 1973లో పట్టు 20 లక్షల టన్నులకును లోబడెను. ఆ సంవత్సరము మే నెలలో ప్రభుత్వము పరిశ్రమను జాతీయము చేసినది, పడవలు మూలబడినవి, వేలకొలది కూలీలు, జాలరులు పనిలేక వీధిని బడిరి. లాభము గడించినవారు పెక్కండ్రు, నష్టము మోసినవారు పేదలు.

ఇందు దోషి యెవ్వరు? సముద్రుడు మాత్రమే యనుటకు వీలులేదు. ఏలయన ఎల్ నినో అంతకు పూర్వము వందలమార్లు వచ్చినది, చేప మరల పెరిగినది. మానవుడు మాత్రమే యనుటకును వీలులేదు. కాలిఫోర్నియా తీరపు సముద్రగర్భమునందలి బురదపొరలలో దొరకిన చేపపొలుసులను లెక్కించి, వలలు లేని కాలమున సైతము, దాదాపు రెండువేల యేండ్లుగా, ఆ జాతులు మిక్కిలి పెరుగుచు తరుగుచు వచ్చినవని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కావున లేమి సముద్రధర్మము. లేమిని వినాశముగా మార్చుట మానవుని పేరాస. సమృద్ధినాడు విత్తనమును మిగుల్పనివానికి లేమినాడు దిక్కులేదు. మన పెద్దల మాటయు నిజమే, పడుచువారి మాటయు నిజమే. రెండును కలిసినపుడే విపత్తు.

పెరూ ఈ పాఠమును మెల్లగా నేర్చుకొనెను. 1982-83లో వచ్చిన ఎల్ నినో మరల దెబ్బతీసెను. 1997-98 నాటి దానిలో పట్టు పడిపోయినను, వేటను ఆపుటవలన రెండేండ్లలో చేప కోలుకొనెను. 2009 మొదలు పడవకింత యని వంతులు నిర్ణయింపబడినవి. పిల్లచేపల పాలు హద్దు మీరినచోట కొన్ని దినములు వేట నిలుపుదురు. 2023లో నీరు వెచ్చనై పిల్లచేపలే హెచ్చుగా కానవచ్చుటచే మొదటి వేటకాలమునే రద్దుచేసిరి.

మన దేశమునను ఇట్టి నిదర్శనము లేకపోలేదు. మలయాళదేశమున మత్తి యని పిలువబడు నూనెకవళ్లు 2012లో ఒక్క కేరళ రాష్ట్రముననే దాదాపు నాలుగు లక్షల టన్నులు పడగా, 2021లో మూడువేల మూడువందల టన్నులకు దిగెను. 2023లో మరల లక్ష టన్నులకు మించెను. దీనికితోడు బొగ్గు, నూనెల పొగచే భూగోళము వేడెక్కుచుండగా హిందూమహాసముద్రపు నీరును వెచ్చబడుచున్నది. ఇకమీదట సముద్రుని లేమి సంవత్సరములు పూర్వపు లెక్కకు లొంగునని నమ్మరాదు.

తూర్పుతీరమున 2015 నుండి ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. ఆ రెండు నెలలు పొయ్యిలో పిల్లి లేవని యిండ్లు మన పల్లెలలో నున్నవి. ఆ బాధ మాకు తెలియనిది కాదు. తల్లిచేపకు విరామము కావలయును; ఆ విరామపు భారమును జాలరి యొక్కడే మోయుట మాత్రము న్యాయము కాదు. ఈ రెంటిని కలిపి యడుగుట మన సంఘము యొక్క విధి.

తుదకొక విన్నపము. పెరూవారిని మేల్కొల్పినది లెక్క. మన పెద్దలకు గాలివాటము, నీటిరంగు, చేపల రాకపోకలు కరతలామలకములు. కాని వ్రాసియుంచినవారు లేరు. వారితోడనే ఆ విద్య యంతరించుచున్నది. కావున ప్రతి పల్లెయందును చదువుకొన్న పిల్లవాడొకడు పుస్తకము నొకదానిని దగ్గరనుంచుకొని, ఏనాడు ఏ గాలి వీచెను, నీరు చల్లనో వెచ్చనో, ఏ చేప యెంత పడెను, అందు పిల్ల యెంత, అని దినదినము వ్రాయునట్లు ఈ మహాసభవారు తీర్మానింపవలెనని కోరుచున్నాము. ఇరువదియేండ్ల పిమ్మట అధికారుల యెదుట నిలిచి మన జీవనమును గూర్చి వాదింపవలసివచ్చినపుడు, ఆ పుస్తకమే మనకు సాక్షి కాగలదు.