పేరు పెట్టుట, పేరు పెట్టి పిలుచుట

మనుజుడు తాను సంపాదింపకయే పొందునదియు, చచ్చిన పిదపను తనకు మిగులునదియు నొక్క పేరే. బారసాలనాడు పెద్దలు పెట్టిన నాలుగక్షరములు జీవితాంతము వెంటవచ్చును. పేర్ల యర్థము లేవి, అవి యెట్లు పుట్టినవి యని విచారించువారు గలరు. కాని యెవరికి సొంతపేరుండెను, ఎవరికి లేకుండెను అని విచారించువా రంతగా లేరు. చరిత్ర నీ దృష్టితో జూచినచో నొక జాతి యెవరిని మనుష్యులుగా లెక్కించెనో తేటపడునని మా నమ్మకము.

ప్రాచీన రోమకులలో గౌరవనీయుడగు పురుషునకు సాధారణముగా మూడు పేర్లుండెడివి. మొదటిది సొంతపేరు, రెండవది వంశనామము, మూడవది శాఖానామము. సుప్రసిద్ధ వక్తయగు సిసిరో పూర్తిపేరు మార్కస్ టల్లియస్ సిసిరో. లాటిను భాషలో సిసెర్ అనగా శనగ. అతని పూర్వు డొకని ముక్కుకొనయందు శనగగింజకువలె నొక్కుండుటచే నా పేరు వచ్చెనని ప్లూటార్కు వ్రాసినాడు. రాజకీయములలో బ్రవేశించువేళ నీ పేరు మార్చుకొమ్మని మిత్రులు చెప్పగా, దీనినే ఘనులైనవారి పేర్లకంటె ఘనముగా జేసెదనని యతడు బదులు చెప్పెనట. శనగగింజయైనను సరే, అది యతనిదే యగు పేరు!

ఆ మహావక్త కుమార్తె పేరు టల్లియా. టల్లియస్ వంశపు ఆడుది యని మాత్రమే దాని యర్థము. ఆ కాలమున రోమక స్త్రీకి సాధారణముగా సొంతపేరు వ్యవహారములో లేదు. జూలియస్ వంశమున బుట్టినది జూలియా, కొర్నీలియస్ వంశమున బుట్టినది కొర్నీలియా. ఇద్దరు బిడ్డలు పుట్టినచో నిద్దరికి నదే పేరు. మార్కస్ ఆంటోనియస్ కూతుండ్రలో నిద్దరు తోబుట్టువులును ఆంటోనియాలే. వారిని గుర్తించుటకు చరిత్రకారులు పెద్ద ఆంటోనియా, చిన్న ఆంటోనియా యని వ్రాయవలసివచ్చెను.

బానిసల గతి యింకను హీనము. పూర్వకాలమున మార్కస్ ఇంటి బానిసను మార్సిపోర్, అనగా మార్కస్ కుఱ్ఱవాడు, అని పిలిచెడివారు. తరువాతి కాలమున బానిసలకు వేఱు పేర్లు వచ్చినవి గాని, విడుదల పొందినవాడు యజమాని పేర్లను తన పేరునకు ముందు ధరింపవలసినదే. సిసిరోకు లేఖకుడుగానుండిన టైరో క్రీ. పూ. 53లో స్వేచ్ఛపొంది మార్కస్ టల్లియస్ టైరో యయ్యెను. సంకెల వీడినను దాని గుర్తు పేరున నిలిచినది.

ఇది రెండువేల యేండ్లనాటి ముచ్చట యని త్రోసివేయరాదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1850, 1860 సంవత్సరముల జనాభా లెక్కలయందు బానిసలకు వేఱు పట్టికలు వ్రాసిరి. అందు యజమాని పేరుండెను. దాని క్రింద బానిసల వయస్సు, లింగము, శరీరవర్ణము ఉండెను. వారి పేర్లు మాత్రము దాదాపు ఎచ్చటను లేవు. పశువుల లెక్కకును దీనికిని భేద మేమి? దాస్యము రద్దయిన పిదప 1870లో జరిగిన లెక్కలలోనే విముక్తులైన లక్షలమంది పేర్లు మొదటిసారి యా పుటల కెక్కినవి. నేడు తమ పూర్వులను వెదకుకొను నల్లజాతివారి కనేకులకు ఆ సంవత్సరమే యొక గోడయై యడ్డుపడుచున్నది.

ఆ బానిసలలో నొకడగు ఫ్రెడరిక్ 1838లో మేరీలాండునుండి తప్పించుకొని పాఱిపోయెను. పట్టుబడకుండుటకై యింటిపేరు మార్చుకొనవలసివచ్చెను. ఆశ్రయమిచ్చిన మిత్రుడు స్కాటు కావ్యమునుండి డగ్లస్ అను పేరు నెన్నిపెట్టెను. ఇంటిపేరు నీ యిష్టము, ఫ్రెడరిక్ అను పేరు మాత్రము తీయవలదని యతడు పట్టుపట్టెను. సర్వము పోయినవాడు తన తల్లి పెట్టిన యొక్క పేరును గట్టిగా బట్టుకొనుటలో నెంత యర్థమున్నదో పాఠకులే గ్రహింపగలరు.

ఇక మన యింటివైపు చూతము. క్రీ. శ. రెండవ శతాబ్దమున దక్కను నేలిన శాతవాహనులు గౌతమీపుత్రుడు, వాసిష్ఠీపుత్రుడు అని తల్లితో గూర్చి తమ్ము జెప్పుకొనిరి. గౌతమి యనునది గోత్రమును దెలుపు పేరే. అయినను నాసిక గుహలోని శాసనమున బాలశ్రీ యను ఆమె సొంతపేరుకూడ చెక్కబడినది. ఇది మనము గర్వింపదగిన విషయము.

సిగ్గుపడవలసిన విషయమును గలదు. మనుస్మృతి రెండవ యధ్యాయమున బ్రాహ్మణుని పేరు మంగళమును, క్షత్రియుని పేరు బలమును, వైశ్యుని పేరు ధనమును సూచింపవలెననియు, శూద్రుని పేరు జుగుప్సను సూచింపవలెననియు విధించిరి. శిశువు కన్నులు తెఱవకముందే నీచత్వమును నుదుట వ్రాయుటకు పేరును సాధనముగా జేసిరి.

మన పల్లెలలో పెంటయ్య, పుల్లయ్య, పిచ్చమ్మ, తవిటయ్య యను పేర్లున్నవి. పుట్టినబిడ్డలు దక్కని తల్లి, శిశువును పెంటమీద దొర్లించి, ఎంగిలివిస్తరిలో బెట్టి, లేదా గుప్పెడు తవుటికి మాఱుగా నొరులకిచ్చి మఱల దెచ్చుకొని, మృత్యువు దృష్టి తగులకుండ ఆ పేరు పెట్టెడిది. చైనా దేశమునను బిడ్డలను కుక్కపేరుతో ముద్దుగా బిలిచి దుష్టశక్తులను మఱపించు నాచార ముండెను. ఇట్టి పేరు మూఢవిశ్వాసమే గావచ్చును. కాని యది కన్నీటినుండి పుట్టినది. దానిని మేము పరిహసింపజాలము. ఆ పెంటయ్యయే పెద్దవాడై పొలమున కూలికి బోయినప్పుడు, పసివాడుకూడ వానిని "ఒరే పెంటిగా" యని పిలిచినచో, తల్లి రక్షగా గట్టిన పేరే లోకమునకు కొరడా యగును. తప్పు పేరునందు లేదు, పిలుపునందున్నది.

బిడ్డను కోరని పేర్లును గలవు. మహారాష్ట్రమందలి సతారా జిల్లాలో ఆడపిల్లలకు నకుసా యని పేరు పెట్టెడివారు. అక్కఱలేనిది యని దాని యర్థము. 2011 అక్టోబరులో అట్టి 285 మంది బాలికలకు ప్రభుత్వాధికారులు సభ జరిపి, క్రొత్త పేర్లతో పత్రములిచ్చిరి. పేరు మార్చినంత మాత్రమున ఆడబిడ్డ బ్రదుకు మాఱునా యని కొంద ఱనవచ్చును. మాఱదు. కాని బడిలో హాజరు పిలిచిన ప్రతిదినమును "నీవక్కఱలేదు" అని వినవలసిన దుర్గతి తప్పినది. అది స్వల్పము గాదు.

సోదరీమణులారా, సోదరులారా! చట్టములు చేయుట మన చేతిలో లేదు. పిలుచుట మాత్రము మన నోటిలోనే యున్నది. మన యింట పాత్రలు తోముటకు వచ్చు నామెను "పనిమనిషి" యనియే యెన్నియేండ్లుగా చెప్పుకొనుచున్నామో తలచి చూతము. ఆమె పేరు మన పిల్లలకు తెలియునా? తెలియనిచో రేపు ఆమె వచ్చినప్పుడు పేరడిగి తెలిసికొని, ఆ పేరునకు "అమ్మ" యను మాట చేర్చి పిలుచుట పిల్లలకు నేర్పుదము.