నల్లమందు పెట్టెలూ కణం సాక్ష్యమూ

వారెన్ హేస్టింగ్స్ 1773లో బెంగాల్ నల్లమందును ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం కిందికి తెచ్చిన తరువాత, గంగా మైదానపు రైతు ముందుగా బయానా పుచ్చుకొని గసగసాలు వేసి, పండిన సరుకంతా సర్కారు కట్టిన ధరకే అప్పగించక తప్పేది కాదు. పొద్దువాలే వేళ పచ్చి కాయలకు పలు మొనల కత్తితో నిలువు గాట్లు పెట్టి, రాత్రంతా ఊరి చిక్కబడిన పాలను తెల్లవారి గీకి తీసేవారు. పాట్నా, గాజీపూర్ కర్మాగారాల్లో దాన్ని ఉండలు చేసి, పొరలు పొరలుగా అతికించిన గసగసాల పూరేకుల్లో చుట్టి, పెట్టెకు 40 చొప్పున సర్ది కలకత్తా వేలానికి పంపితే, అక్కడినుంచి వ్యాపారుల ఓడలు చైనాకు చేర్చేవి.

ఈ వ్యాపారంపై ఇంగ్లండులో నిరసన పెరగగా 1893లో ఏర్పడిన రాయల్ కమిషన్, వందలాది సాక్షులను విచారించి, మితంగా వాడేవారికి చెప్పుకోదగ్గ హాని లేదని 1895లో తేల్చింది. ఖజానాకు చేరే రాబడి ఆ తీర్పుపై పడవేసిన నీడను కాదనలేము. అయితే అలవాటుపడ్డవాడి మెదడులో జరిగేదాన్ని చూడగల సాధనం అప్పుడు ఎవరి వద్దా లేదన్నదీ నిజమే.

ఆ చూపు 1970లలో దొరికింది. నల్లమందులోని మార్ఫిన్ వచ్చి అతుక్కునే గ్రాహకాలు, అంటే కణం పైపొర మీద సంకేతాలను అందుకొనే ప్రోటీన్లు, మెదడులో ఉన్నాయని 1973లో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్ చూపారు. 1975లో శర్మ, క్లీ, నైరెన్‌బర్గ్ ప్రయోగశాలలో పెంచిన నాడీ సంకర కణాలకు మార్ఫిన్ తగిలించగా, కణం లోపల సందేశాలు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు మొదట తగ్గింది. మార్ఫిన్ అలాగే ఉండగా, ఆ అణువును తయారుచేసే ఎంజైము పని క్రమంగా హెచ్చి, లోటు పూడింది. మార్ఫిన్ తొలగించగానే అడ్డు లేని ఎంజైము ఆ అణువును మామూలు మట్టం దాటించి ఉత్పత్తి చేసింది. మునుపటి మోతాదు చాలకపోవడానికీ, మందు ఆగితే శరీరం అల్లాడిపోవడానికీ మూలమైన మార్పు, మనసూ శీలమూ లేని కణాల్లోనే కనిపించిందన్నమాట. వ్యసనపరుణ్ణి సంకల్పబలం లేనివాడని నిందించడం ఎంత అన్యాయమో ఇంతకన్నా సూటిగా చెప్పే సాక్ష్యం అరుదు.

మెదడు కాండంలోని లోకస్ సెరూలియస్ అనే చిన్న కేంద్రంలోనూ ఇలాంటి సర్దుబాటే జరుగుతుంది కనుక, మందు మానినప్పుడు అక్కడి కణాలు విపరీతంగా చెలరేగి, వణుకు, చెమట, గుండెదడ పుట్టిస్తాయి. రక్తపోటుకు వాడే క్లోనిడిన్ ఈ కణాలను నెమ్మదింపజేసి ఆ బాధను తగ్గిస్తుందని 1978లో అమెరికాలోని యేల్ వైద్యులు రోగులలో చూపారు.