ఎర్ర మరక నడుమ తెల్లచుక్క

బ్లడ్ క్యాన్సర్ రోగి కంట్లో చుక్కల మందు వేసి లోపలికి చూస్తే, రెటీనా మీద ఒక్కోసారి చిత్రమైన మరక కనిపిస్తుంది. చుట్టూ నెత్తుటి ఎరుపు, నడిమధ్య తెల్లచుక్క. పేరు రాత్ స్పాట్. ఆ తెలుపు ఏమిటో తేలడానికి వందేళ్లు పట్టింది.

పేరులోనే తొలి చిక్కు ఉంది. 1872లో మోరిట్జ్ రాత్, రక్తానికి ఇన్ఫెక్షన్ సోకిన రోగుల్లో ఎర్రమచ్చలను, తెల్లమచ్చలను వేర్వేరుగానే వర్ణించారు. తెల్లని నడుమ ఉన్న మరకకు ఆయన పేరు తగిలించింది 1878లో మోరిట్జ్ లిట్టెన్. లిట్టెన్ చూసినవాళ్లకు గుండె కవాటాల ఇన్ఫెక్షన్ ఉంది. దాంతో అందరి అనుమానం చీము మీదికి పోయింది: కవాటం నుంచి సూక్ష్మజీవుల ముద్ద ఊడి వచ్చి కంట్లో ఇరుక్కుందని.

మరి ఏ ఇన్ఫెక్షనూ లేని లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) రోగుల్లో ఆ మరక ఎందుకు? దానికీ జవాబు దొరికింది. వాళ్ల రక్తంలో తెల్లకణాలు పోటెత్తుతాయి కదా, ఆ గుంపే తెల్లచుక్క అన్నారు. చనిపోయినవారి కళ్లను పరీక్షిస్తే కొన్నింటిలో నిజంగానే క్యాన్సర్ కణాలు కనబడ్డాయి.

కానీ అదే మరక తీవ్రమైన రక్తహీనతలో ఉంది, షుగరు రోగుల్లో ఉంది, అప్పుడే పుట్టిన పసికందుల్లోనూ ఉంది. నా దృష్టిలో అసలు ఆధారం ఆ పసికందే. కాన్పు ఒత్తిడికి రెటీనాలో రక్తం చిమ్మిందే తప్ప బిడ్డ కంట్లో చీమూ లేదు, క్యాన్సరూ లేదు. పైగా ఆ మరకలు కొన్ని వారాల్లో వాటంతటవే కరిగిపోతాయి.

ఇన్ని జబ్బుల్లోనూ ఉమ్మడిగా జరిగేది ఒక్కటే, సన్నని రక్తనాళం చిట్లడం. చిట్లినచోట ప్లేట్‌లెట్లు, రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ అనే ప్రొటీన్ కలిసి బిరడాలా బిగుసుకుంటాయి. 1980లో డ్యూయేన్, ఓషర్, గ్రీన్ ప్రచురించిన పరిశీలన తెల్లచుక్కలో ఉన్నది ముఖ్యంగా ఆ ఫైబ్రినే అని చూపింది.

లుకేమియాలో క్యాన్సర్ కణాలు మూలుగను ఆక్రమించేసరికి ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఆక్సిజన్ చాలక నాళాల గోడలు బలహీనపడి చిట్లుతాయి, నెత్తురు తొందరగా ఆగదు. కొందరికి జబ్బు తొలి జాడ చూపు మసకబారడమే. అందుకే ఈ మరక కనబడితే కళ్లజోడు నంబరు రాసి పంపేయకూడదు. అదే రోజు రక్తకణాల లెక్క, షుగరు, బీపీ చూడాలి. జ్వరం ఉంటే బ్లడ్ కల్చర్ చేయించాలి, గుండెనూ పరీక్షించాలి. మరకకు విడిగా మందు అక్కర్లేదు, రక్తం కుదుటపడితే అదే పోతుంది.