గ్యారంటీ ఎవరికి?

మా అవ్వ రైలును రైలు అనకపోయేది. ‘కట్ట’ అనేది. “కట్ట మీద బండి పోతున్నది” అనేది. పరిగి నుంచి తెల్లారకముందే బయలుదేరి వికారాబాద్‌కు నడిచిపోయిన రోజుల్లో, ఆ మట్టికట్ట కనబడగానే మా నాయనకు చూపెట్టేదట. “గిది మీ తాత తాత మోసిన మట్టి బిడ్డా” అని. నాకూ ఆ మాట చెప్పింది. మట్టి మోసిన ఆ మనిషి పేరు మాత్రం ఆమెకు తెల్వదు. మాదిగోళ్ల పేర్లు ఎవరు రాసిపెట్టిండ్రు గనుక!

మా ఇంట్లో నేను మొదటి డిగ్రీవాణ్ణి. సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్తాను. మా వాడి–సికింద్రాబాద్ లైనుకు 2024లో నూటయాభై ఏండ్లు నిండినప్పుడు, పిల్లగాడు మాట్లాడటానికి ఒక ఉపన్యాసం రాసిచ్చాను. తోటి ఉపాధ్యాయుడొకాయన చదివి, చివరి పేరా కొట్టేశాడు. “కూలి ఇచ్చిన్రు కద సార్, ఊకెనే చేసిన్రా? మీకు అన్నిట్ల కులమే కనబడుతది” అన్నాడు. అప్పుడు నోరు మూసుకున్నాను. కొట్టేసిన ఆ పేరానే ఇక్కడ పెద్దగా రాస్తున్నాను.

ముందు పుస్తకంలో ఉన్న సంగతి చెప్పుకుందాం. 1870లో, మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉండగా, రైలు కోసం బ్రిటిషువాళ్లతో ఒప్పందం కుదిరింది. బొంబాయి–మద్రాసు దారిలో ఉన్న వాడి నుంచి తాండూరు, వికారాబాద్ మీదుగా సికింద్రాబాద్‌కు లైను వేశారు. 1874 అక్టోబరులో బండి నడిచింది. సికింద్రాబాద్ కంటోన్మెంటుకు ఫౌజును తొందరగా చేర్చటం బ్రిటిషువాళ్ల అవసరం. డబ్బు మాత్రం నిజాం రాజ్యానిది. రాజ్యం డబ్బు అంటే రైతు కట్టిన శిస్తు. ఆ రైతు పొలంలో జీతమున్నది, తోలు కొట్టి మోట బొక్కెనకు కుట్టింది మావాళ్లు.

1883 ఫిబ్రవరిలో సాలార్‌జంగ్ చనిపోయాడు. లైనును చాందా దిక్కు, బెజవాడ దిక్కు పొడిగించాలని లండన్ ధనవంతులతో బేరం సాగింది. నిజాం తరఫున ముందున్న అధికారి సర్దార్ అబ్దుల్ హఖ్. ఆ బేరంతో పుట్టిన కంపెనీ పేరు ‘నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’. పేరులోనే గ్యారంటీ ఉంది. ఎవరికి? లండన్‌లో పెట్టుబడి పెట్టినవాళ్లకు. రైలుకు లాభం రానీ రాకపోనీ, ఇరవై ఏండ్లు నూటికి ఐదు వడ్డీ నిజాం సర్కారు కట్టాలె. మన ఊరి లెక్కలో చెప్పాలంటే, పంట పండినా ఎండినా దొరకు కౌలు కొలవాలె.

దీన్ని అప్పుడే అడిగినవాళ్లున్నారు. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటి చదువుకున్నవాళ్లు చాందా రైలు ఒప్పందం వివరాలు జనం ముందు పెట్టమన్నారు. 1883లోనే అఘోరనాథుణ్ణి హైదరాబాద్ నుంచి వెళ్లగొట్టారు. లైను మాత్రం ఆగలేదు. 1886లో వరంగల్, 1889లో బెజవాడ చేరింది.

రైలు తర్వాత గనులు. 1886లో వాట్సన్, స్టివార్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషు దొరలకు నిజాం రాజ్యంలో గనులు తవ్వుకునే హక్కు 99 ఏండ్లకు దక్కింది. హైదరాబాద్ దక్కన్ కంపెనీ లేచింది. పది పౌండ్ల షేర్లు లక్ష. అందులో 85,000 షేర్లు హక్కు తెచ్చినవాళ్ల పేరనే పడ్డాయి, చేతినుంచి రొక్కం పెట్టకుండానే. అబ్దుల్ హఖ్ తన చేతికొచ్చిన షేర్లను తన సర్కారుకే ఎక్కువ ధరకు అమ్మించాడు. 1888లో గుట్టు బయటపడి కొలువు పోయింది. లండన్‌లో కామన్స్ సభ విచారణ కమిటీ వేసింది. మరుసటి ఏడే ఇల్లెందు దగ్గర ఆ కంపెనీ బొగ్గు తీసింది. అదే 1920లో సింగరేణి కాలరీస్ అయింది.

ఈ సంపన్నుల గురించి మన దగ్గర రెండు వాదనలున్నాయి. రైలు తెచ్చిండ్రు, బొగ్గు తెచ్చిండ్రు, వెనుకబడ్డ రాజ్యానికి వెలుగు తెచ్చిండ్రని ఒక వాదన. ఖజానా దోచి లండన్‌కు పంపిండ్రని రెండో వాదన. రెండో వాదనలో నిజముంది. కానీ ఆ కోపమంతా ఖజానా కోసమే. మట్టి మోసిన తల ఆ లెక్కలో లేదు. కూలీలెవరని అడిగిన కవులు మనకున్నారు. ఆ కూలీల కులమేందని అడిగినోళ్లు తక్కువ.

మా అవ్వ చెప్పిన లెక్క ఇంతే. కూలి ఇచ్చిండ్రట. పట్వారి చేతుల మీదుగా ఇచ్చిండ్రట. చేతులు మారినంక సగం మిగిలిందట. పని నుంచి తిరిగొచ్చిన నాడు కూడా దొర గడీల వెట్టి తప్పలేదట. దీనికి కాగితం లేదు. రొక్కం పెట్టనోనికి షేరు కాగితం దొరికింది, మట్టి మోసినోనికి చిట్టీ దొరకలేదు. తోటి ఉపాధ్యాయునికి నా జవాబు ఇదే.

మన ఒక్క దగ్గరే ఇట్ల జరిగిందని కాదు. అమెరికాలో 1869లో రెండు దిక్కుల రైలుపట్టాలు కలిసిన రోజు తీసిన ఫోటో ప్రసిద్ధం. సియర్రా కొండలు తొలిచిన చైనా కూలీలు వేలమంది. ఆ ఫోటోలో వాళ్లను వెతుక్కోవలసిందే. కంపెనీ పెద్ద లేలండ్ స్టాన్‌ఫర్డ్ కొడుకు పేరు మీద విశ్వవిద్యాలయం నడుస్తున్నది. మా వికారాబాద్ పేరు కూడా ఒక పాయిగా నవాబుది. ఆ వికార్‌ఉల్‌ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమాలో నూటొక్కమంది ఒకేసారి కూర్చుని తినే బల్ల ఉంది.

ఇంత రాసి, ఆ రైలును తిడదామంటే నాకు నోరు రాదు. డిగ్రీ చదివిన మూడేండ్లు వికారాబాద్‌లో ప్యాసింజర్ ఎక్కి నాంపల్లిలో దిగిన. కులం అడగకుండా నా పక్కన జరిగి చోటిచ్చిన మనుషులను మొదటిసారి ఆ బోగీలోనే చూసిన. మా వాడలో అంతకుముందు నాకా అనుభవం లేదు. సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగం చేసిన అరిగె రామస్వామి ఆది హిందూ ఉద్యమంలో ముందు నిలిచాడు, తర్వాత మా వికారాబాద్ నుంచే ఎమ్మెల్యే అయ్యాడు. ఆ పట్టాలు మావాళ్లను ఊరి బయటికి తీసుకపోయినయి.

అయితే స్టేషను దాటితే మళ్లీ ఊరే. 1901లో చిన్నపిల్లవాడైన అంబేద్కర్ తండ్రి దగ్గరికి పోతూ మసూర్ స్టేషన్లో దిగాడు. రైలు అతణ్ణి దించింది. మహార్ అని తెలిసినంక ఎద్దులబండివాళ్లు ఎక్కించుకోలేదు. రెండింతల కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుంటామంటే గానీ కదల్లేదు. నేను నాంపల్లిలో దిగి అద్దె గది అడిగితే ఇంటిపేరు చెప్పగానే “మొన్ననే ఇచ్చేసినం” అన్నరు. అందుకే మూడేండ్లూ రోజూ రైల్లోనే తిరిగిన.

మా మేనమామ తాండూరు దిక్కు నాపరాతి గనుల్లో ఇరవై ఏండ్లు బండలు కొట్టాడు. ఆ బండలు దూర దేశాలకు పోవటానికి దారి వేసింది కూడా ఈ రైలే. ఇప్పుడాయనకు రాత్రంతా దగ్గు. పని చేసినట్టు చేతిలో ఒక్క చిట్టీ లేదు. యజమానిని అడిగితే “నువ్వెవరో నాకు తెల్వదు” అన్నడట.

మొన్న ఆయనకు ఈ రైలు కంపెనీ కథంతా చెప్పిన. పేరు విని రెండుసార్లు పలికిచ్చుకున్నడు. దగ్గు ఆగినంక అడిగిండు: “ఇరవై ఏండ్లు వాళ్లకు గ్యారంటీనా అల్లుడా? నేను గూడ ఇరవై ఏండ్లే కద చేసిన?”