నాన్నకి జబ్బు, ఇంట్లో వాయించడం బంద్: మొజార్ట్ మొదటి సింఫనీ

ఎనిమిదేళ్ల పిల్లాడు సింఫనీ రాశాడు అనగానే 'బాల మేధావి' అనేసి మనం స్క్రోల్ చేసేస్తాం. నాకు ఆ మాటతోనే పేచీ. అలా అనేశాక, వాడు ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో ఇంకెవరూ అడగరు.

1764 ఏప్రిల్‌లో మొజార్ట్ కుటుంబం లండన్ చేరింది. అక్క నానెర్ల్, తమ్ముడు వోల్ఫ్‌గాంగ్, ఇద్దరి చేతా నాన్న లియోపోల్డ్ ఊరూరా కచేరీలు చేయిస్తున్నాడు. ఆ వేసవిలో ఆయన బాగా జబ్బుపడ్డాడు. కోలుకోవడానికి చెల్సీ వైపు, ఇప్పటి ఎబరీ వీధిలో ఇల్లు తీసుకున్నారు. నాన్నకి ఇబ్బందని పిల్లల్ని కీబోర్డు ముట్టుకోవద్దన్నారు. ఇక వాడు సింఫనీ రాయడానికి కూర్చున్నాడు.

పక్కన కూర్చుని కాపీ రాసింది అక్క. హార్న్‌కి మంచి పని ఇవ్వాలి, గుర్తుచెయ్యి అనేవాడట. ఇది చాలా ఏళ్ల తర్వాత ఆమె చెప్పిన మాట. అందులో ట్రంపెట్లు, డ్రమ్ములు ఉన్నాయని కూడా చెప్పింది. మనకి దొరికిన మొదటి సింఫనీలో అవి లేవు! ఆమె చెప్పింది ఇంకోదాని గురించి కూడా కావచ్చు.

ఇందులో ఉన్నవి రెండు ఒబోలు, రెండు హార్న్‌లు, తీగ వాద్యాలు. మూడే భాగాలు: వేగం, నిదానం, మళ్లీ వేగం. మొదట్లో అందరూ కలిసి గట్టిగా అందుకుంటారు, వెంటనే మెత్తగా జవాబు వస్తుంది. ఈ గట్టి-మెత్తన ఆట అప్పటికే లండన్‌లో ఉన్న జోహాన్ క్రిస్టియన్ బాఖ్ సంగీతంలో బాగా వినిపిస్తుంది. ఈయన పెద్ద బాఖ్ చిన్న కొడుకు. ఇంకొకాయన ఏబెల్. ఏబెల్ సింఫనీ ఒకదాన్ని వోల్ఫ్‌గాంగ్ తన చేత్తో కాపీ రాసుకున్నాడు. ఆ కాపీ చూసి, చాలాకాలం దాన్ని మొజార్ట్ 3వ సింఫనీగా లెక్కేశారు! నాకు భలే నచ్చిన విషయం ఇది. వేరేవాళ్ల కోడ్ టైప్ చేస్తూ కోడింగ్ నేర్చుకున్నవాళ్లకి బాగా అర్థమవుతుంది.

అసలు విశేషం రెండో భాగంలో. సి మైనర్‌లో తీగ వాద్యాలు మూడేసి స్వరాలుగా కదులుతుంటే, హార్న్‌లు నాలుగు పొడుగు స్వరాలు వాయిస్తాయి. శంకరాభరణం స్వరాల్లో స, రి, మ, గ అని పాడుకోండి, అంతే. 24 ఏళ్ల తర్వాత, 1788లో, ఆయన చివరి సింఫనీ 'జూపిటర్' ఆఖరి భాగం మొదలయ్యేది ఇదే వరసతో!

విధి, జాతకం అని థంబ్‌నెయిల్ పెట్టేయొచ్చు. కానీ ఈ వరస మొజార్ట్ సొంతం కాదు, అంతకుముందే చర్చి సంగీతంలో ఉంది. తేడా అల్లా వాడకంలోనే. 1764లో అది అలా వచ్చి వెళ్లిపోతుంది. 1788లో చివరికొచ్చేసరికి ఐదు వరసలు ఒకదాని మీద ఒకటి కలిసి నడుస్తాయి, వాటిలో ఇదొకటి.

ఇక ఆ కాపీ రాసిన నానెర్ల్. తర్వాత ఆమె కూడా సంగీతం కూర్చింది, తమ్ముడు ఉత్తరంలో మెచ్చుకున్నాడు కూడా. అందులో ఒక్క ముక్కా మనకి దొరకలేదు.